సింధూరం రంగు గిలక్కాయలు

లేతు మిషను మీద లక్క కరిగేటప్పుడు అసిరమ్మ ఎవరితోనూ మాట్లాడదు. పలకరించినా ఊ అనదు. ఆనందపురం బొమ్మల షెడ్డులో ఈ సంగతి అందరికీ తెలుసు, ప్యాకింగు చూసే ఫ్లోరాకి మరీ బాగా తెలుసు. అందుకని ఆ మంగళవారం మధ్యాహ్నం ఆమె పక్కన పీట వేసుకుని, పనయ్యేదాకా నోరు కట్టుకుని కూర్చుంది. అంకుడు కర్ర గిర్రున తిరుగుతోంది. అసిరమ్మ లక్క కడ్డీని దానికి ఆనించి పట్టుకుంటే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు కర్రంతా పాకింది. ఆపైన మొగలాకు మడతపెట్టి అదిమింది. గిలక్కాయ తల నిగనిగలాడింది.

"ఇదిగో ఫ్లోరమ్మా. ఆఫీసు బీరువాలో ఎట్టుకోడానికి ఒకటి అడిగినావు కదా," అని చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

మిగతా నలభై గిలక్కాయలూ సోమవారమే ఆటోలో మల్కాపురం వెళ్ళిపోయాయి. అక్కడ చర్చి వాళ్ళు నడిపే పసిపిల్లల బడిలో శుక్రవారం బాలల దినోత్సవం. ఏటా పిల్లలకి ప్లాస్టిక్ బొమ్మలు పంచేవారు. అవి సాయంత్రానికే విరిగేవి. ఈసారి ఫ్లోరా పట్టుబట్టింది. మా సొసైటీ బొమ్మలు తీసుకోండి, చేసినవాళ్ళకి సరైన కూలి ముడుతుంది, పిల్లల చేత పని చేయించరు, విషపు రంగులు వాడరు, ప్రతి బొమ్మకీ ఫెయిర్ ట్రేడ్ చీటీ ఉంటుంది అని ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ లేచి చెప్పింది. చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లు తల్చుకుని ఇప్పటికీ లోలోపల మురిసిపోతూనే ఉంది.

"రంగు భలే కుదిరింది పిన్నీ. ఎరుపుకి వాడే జాఫ్రా గింజలు పుచ్చిపోయాయని మేనేజరు సార్ అన్నారు కదా. మరి ఈ ఎరుపు ఎక్కడిది?"

"గింజలెక్కడున్నాయమ్మా! అయి పోయి రెండు నెల్లయింది. ఇది సింధూరం." అసిరమ్మ పీట కింద నుంచి కాగితం పొట్లం తీసి విప్పింది. "ఆంజనేయసోమికి రాత్తారు కదా, అదే. పూర్ణా మార్కెట్టుకి ఎల్లినపుడు తెచ్చుకున్నాను. దేవుడి ఒంటికి పూసీదాన్లో దోసవేటుంటాది? సంటిపిల్లలు నోట్లో ఎట్టుకున్నా మంచిదే."

ఫ్లోరాకి ముందు నవ్వొచ్చింది. ఆంజనేయుడి సింధూరం పోయి పోయి చర్చి బడికి చేరిందని తెలిస్తే పాస్టరు గారి ముఖం ఎలా ఉంటుందో అనుకుంది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఎదురుగా గోడకి ఆ కాగితం వేలాడుతూనే ఉంది. వాడకూడని రంగుల జాబితా. ఆగస్టులో ల్యాబు నుంచి ఒకాయన వచ్చి ఇంగ్లీషులో ఇచ్చి వెళ్తే, షెడ్డులో ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి తెలుగులో చదివి చెప్పింది ఫ్లోరాయే. ఏడో లైనులో సింధూరం అని ఉంది. అందులో సీసం ఉంటుంది, పొడి పీల్చినా నోట్లోకి వెళ్ళినా విషం అని ఉంది. ఆ లైను దగ్గర ఫ్లోరా తలెత్తి చూసింది. ఎదురుగా పదకొండు మంది, పదకొండు బొట్లు. మెడలో శిలువ వేసుకున్న తను లేచి, మీ దేవుడికి రాసేది విషం అంటే ఏమనుకుంటారు? భయమేసింది. ఎనిమిదో లైనుకి వెళ్ళిపోయింది. దాన్ని బొమ్మల్లో ఎవరు కలుపుతారులే అని సర్దిచెప్పుకుంది కూడా.

ఇప్పుడు చేతిలో గిలక్కాయని గబుక్కున పీట మీద పెట్టేసింది. మల్కాపురంలో నలభై మంది పిల్లలున్నారు. కానీ నిజం చెప్పాలంటే వాళ్ళు తర్వాత గుర్తొచ్చారు. ముందు గుర్తొచ్చింది ఇంట్లో ఉన్న కూతురు రోజీ. పిడి దగ్గర చిన్న పగులుందని పక్కన పెట్టేసిన గిలక్కాయని పోయిన శుక్రవారం తనే సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళింది. పది నెలల పిల్ల, పళ్ళొస్తున్నాయి. నాలుగు రోజులుగా దాన్ని నోట్లోంచి తియ్యటం లేదు.

"ఏటమ్మా, అలాగైపోనావు?" అంది అసిరమ్మ.

"తలనొప్పి పిన్నీ," అని సంచి తీసుకుని ఫ్లోరా రోడ్డు మీదికి పరిగెత్తింది.

*

ఆనందపురం నుంచి తన ఇల్లున్న మల్కాపురానికి రెండు బస్సులు. రోజూ కిటికీకి తల ఆనించి నిద్రపోయే మనిషి ఆ రోజు రెండిట్లోనూ నిలబడే వచ్చింది, సీట్లు ఖాళీగా ఉన్నా. అత్త దీవెనమ్మ ఫోను ఎప్పుడూ ఫ్రిజ్ మీద ఛార్జింగులో ఉంటుంది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తింది.

"అత్తయ్యా, పాప నోట్లో గిలక్కాయ ఉందా?"

"ఉన్నాది. ఎందుకే?"

"తీసెయ్యండి."

"తీత్తే ఏడుత్తాదే. ఇప్పుడిప్పుడే ఊరుకున్నాది."

"ఏడవనీండి! తీసెయ్యండి అత్తయ్యా!"

బస్సులో సగం మంది వెనక్కి తిరిగి చూశారు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా పిల్లని లాక్కుంది. ఫోను లైటు వేసి నోరు చూసింది. చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయి. పళ్ళొచ్చే పిల్ల చిగుళ్ళు ఎర్రగా కాక నీలంగా ఉంటాయా అని తనకి తనే చెప్పుకుంది గానీ నమ్మకం కుదరలేదు. గిలక్కాయ తిప్పి చూసింది. అంచున ఒకచోట లక్క పెచ్చు లేచిపోయి తెల్ల కర్ర కనిపిస్తోంది. ఆ పెచ్చు ఏమైనట్టు? చాప దులిపింది. పక్క దులిపింది. ఉయ్యాల కింద మోకాళ్ళ మీద పాకి చేత్తో తడిమి చూసింది. ఎక్కడా లేదు. బొమ్మ పోయినందుకు పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. ఏం జరిగిందో తెలియక దీవెనమ్మ కూడా ఏడుపు మొదలెట్టింది.

ఆరింటికి భర్త యోహాన్ వచ్చాడు. పోర్టులో ఓడలకి తుప్పు గీకి రంగులేసే కాంట్రాక్టరు దగ్గర అతని పని. విషయం విని గిలక్కాయని వెలుతురులో పట్టుకుని చూశాడు.

"సీసం కలిసిన ఎరుపు మా కాడా ఉండీది. ఆ డబ్బా ముట్టుకున్నోడు సబ్బెట్టి రెండుసార్లు సేతులు కడిగితే గాని మా మేస్త్రి బువ్వ తిన్నిచ్చీవోడు కాదు," అన్నాడు. తర్వాత భార్య వంక చూశాడు. "దీన్ని పిల్లకెలాగిచ్చినావు? నీకు తెల్దేటి?"

"తెలీదు," అంది ఫ్లోరా.

సింధూరం కలిపారని తెలీదు, అది నిజమే. కానీ అతను అడిగింది అది కాదని ఇద్దరిలో ఒకరికి తెలుసు.

మర్నాడు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. వేలెడంత చెయ్యి, నరం దొరక్క రెండుసార్లు గుచ్చారు. డాక్టరమ్మ గిలక్కాయని గోటితో గీరి చూసి, రంగు లక్కలో కలిసిపోయింది కాబట్టి ఎక్కువ లోపలికి పోయి ఉండదని, అయినా రక్తం చూస్తే గాని ఏదీ చెప్పలేనని అంది. రిపోర్టు శుక్రవారం వస్తుంది. రెండు రోజులు! ఇంటికొచ్చాక దీవెనమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని మోకరించి ప్రార్థన చేసింది. ఫ్లోరా కూడా పక్కన మోకరించి కళ్ళు మూసుకుంది. దేవుడికైనా ఏడో లైను సంగతి చెబుదామనుకుంది. రోజీ పేరు మాత్రం చెప్పి ఆమెన్ అనేసింది.

*

శుక్రవారం దాకా పంచరన్న ధైర్యంతో ఆగి, గురువారం పొద్దున్నే పసిపిల్లల బడికి పోయింది. టీచరు నీలిమ స్టూలెక్కి రంగు కాగితాల తోరణాలు కడుతోంది. కింద చాప మీద గిలక్కాయలు వరసగా పేర్చి ఉన్నాయి, ఒక్కోదానికి రిబ్బను కట్టి, చీటీ మీద పిల్లల పేర్లు స్కెచ్ పెన్నుతో రాసి. ఒక ఏడాది పిల్లాడు చాప అంచుదాకా పాకొచ్చి చెయ్యి చాపుతున్నాడు. ఫ్లోరా ఒక్క ఉదుటున వెళ్ళి వాణ్ణి ఎత్తి అవతల కూర్చోబెట్టింది.

"ఇవి తీసుకెళ్ళిపోవాలి నీలిమా. పగుళ్ళున్నాయి. చేతికి గుచ్చుకుంటాయి."

"అన్నిటికీనా? బాగానే ఉన్నాయి కదే." నీలిమ స్టూలు దిగింది. "రేపు పొద్దున్న పంచాలి. ఏం చెప్పమంటావు పాస్టరమ్మ గారికి? నువ్వే కదా అంత గొప్పగా చెప్పింది."

ఫ్లోరా రిబ్బన్లతో సహా అన్నిట్నీ గోనెసంచిలో కుక్కింది. సంచి కదిలినప్పుడల్లా నలభై గిలక్కాయలూ గలగలమన్నాయి. బడి పిల్లలు ఆ చప్పుడికి కేరింతలు కొట్టారు.

ఆ సంచి షెడ్డులో దించేసరికి సొసైటీ మేనేజరు తిరుమలరావు గుమ్మంలోనే ఉన్నాడు. సింధూరం కలిసిన సంగతి ఫ్లోరా చెబితే అంతా విన్నాడు. ముందు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎక్స్‌పోర్టు లాటు కాదు కదా! అదైతే ప్రతి రంగూ ల్యాబుకెళ్ళాలి, కొంప మునిగేది. ఇవి మన ఊరి పిల్లలకే కదా."

మన ఊరి పిల్లలకే కదా! ఫ్లోరాకి ఒళ్ళు మండింది. ఆ పిల్లల్లో ఒకదాని చేతికి నిన్న రెండుసార్లు సూది గుచ్చారు. కానీ ఆ మాట అనగలిగే స్థితిలో తను లేదు.

తిరుమలరావు మళ్ళీ ఆలోచించాడు. చర్చి వాళ్ళు అడుగుతారు, ఎవరో ఒకరు ఫోటో తీసి పెడతారు, ఫెయిర్ ట్రేడ్ ముద్ర పోతుంది, ముద్ర పోతే షెడ్డుకి తాళం పడుతుంది. బీరువాలోంచి, ఆగస్టులో అందరూ వేలిముద్రలు వేసిన జాబితా కాపీ తీయించి అసిరమ్మని పిలిచాడు.

"ఈ జాబితా కింద వేలిముద్ర నీదేనా?"

"నాదే బాబూ."

"వాడకూడనివన్నీ ఫ్లోరా చదివి చెప్పింది కదా? మరి సింధూరం ఎందుకు కలిపావు?"

అసిరమ్మ తెల్లబోయి కాగితం వంకా, ఫ్లోరా వంకా చూసింది. లేతులన్నీ ఆగాయి. పక్క లేతు మీద పనిచేసే రోజారమణి చేతిలో ఉన్న డబ్బాని మెల్లగా పీట కిందికి నెట్టింది.

ఇప్పుడు చెప్పాలి. చదవలేదు సార్ అనాలి. రెండు మాటలు. ఉద్యోగం పోతుంది, చర్చిలో తలెత్తుకోలేదు, తెలిసుండీ పిల్ల చేతికి అలాంటి చోటు నుంచి బొమ్మ తెచ్చిచ్చావా అని యోహాన్ అంటాడు. ఇవన్నీ ఒక్కసారే మీద పడ్డాయి.

"సెప్పే ఉంటాది బాబూ," అంది అసిరమ్మ. "ఫ్లోరమ్మ సదివితే ఒదిలీదు. నాకే ఇనబడనేదేమో. ఈ మిసన్ల సప్పుడుకి సెవులు సరిగ్గా పనిసెయ్యవు."

"రేపట్నుంచి రాకు," అన్నాడు తిరుమలరావు. పొట్లం తీసుకుని బయట చెత్తకుండీలో పారేశాడు.

అసిరమ్మ గొడవ పడలేదు. ఉలులు గుడ్డలో చుట్టుకుంది. నీళ్ళలో నానేసిన మొగలాకులు పిండి, "ఎండిపోతే పనికి రావే," అని రోజారమణికి ఇచ్చింది. రోజారమణికి ఐదో నెల. ఆ ఆకులు పట్టుకుని తల దించుకుంది. అసిరమ్మ వెళ్ళిపోతుంటే ఫ్లోరా గోనెసంచి మూతి కడుతూ ఉండిపోయింది. కట్టిన ముడే మళ్ళీ కట్టింది.

*

శుక్రవారం పది గంటలకి డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది.

"భయపడాల్సిందేమీ లేదు. నెల పోయాక మళ్ళీ ఒకసారి చూద్దాం. పాలు బాగా పట్టండి."

ఫ్లోరా ఏడ్చింది, నవ్వింది, పిల్లని ముద్దులు పెట్టి ఊపిరాడకుండా చేసింది. యోహాన్ వాచీ వంక చూసి, మధ్యాహ్నం డ్యూటీకి అందుకుంటానన్నాడు. లేచి గుమ్మం దాకా వచ్చారు.

"ఏమ్మా, ఆ పొడి కలిపినావిడ ఎలా ఉంది?" అని వెనక నుంచి అడిగింది డాక్టరమ్మ.

"ఎవరండీ?"

"ఆ రంగు చేత్తో కలిపి, మిషను దగ్గర కూర్చుని పీల్చినావిడ. ఎన్నాళ్ళ నుంచి కలుపుతోంది?"

"రెండు నెలల నుంచండీ."

"మరి ఆవిణ్ణి తీసుకురాలేదేం? నాలుగు రోజులు చప్పరించిన పిల్లకే ఇంత కంగారు పడ్డారు కదా."

ఫ్లోరాకి ఈ నాలుగు రోజుల్లో రోజీ గుర్తొచ్చింది, నలభై మంది పిల్లలు గుర్తొచ్చారు, ఉద్యోగం, ముద్ర, చర్చి అన్నీ గుర్తొచ్చాయి. అసిరమ్మ ఒంట్లోకి ఏం వెళ్ళి ఉంటుందన్న మాట ఒక్కసారి కూడా తట్టలేదు. తనది మనిషి పుట్టుకేనా అనిపించింది. పిల్లని యోహాన్ చేతికిచ్చి, డ్యూటీకి సెలవు పెట్టమని చెప్పి, ఎందుకని అతను అడుగుతుండగానే ఆనందపురం బస్సెక్కింది. దారిలో నీలిమ ఫోను చేసింది. పిల్లలకి అరటిపళ్ళు పంచారట. ఒకరి తొక్క ఒకరి మీద వేసుకుని ఒకటే గోల, సంబరం బాగానే జరిగిందిలే అంది.

అసిరమ్మ ఇంట్లో చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఫ్లోరాని చూసి లేవబోయింది.

"రా అమ్మా. కడుపులో మెలిపెడతంది. నెల్రోజుల్నుంచీ ఇంతే. సోడా తాగితే తగ్గిపోద్ది." కుడిచేత్తో చెంబు అందుకోబోతే మణికట్టు వాలిపోయింది. ఎడమచేత్తో తీసుకుంది. "ఈ సెయ్యొకటి, పట్టు దొరకట్నేదు. వయసైపోనాది మరి."

ఆ చేతి గీతల్లో, గోళ్ళ చుట్టూ ఎరుపు ఇంకా ఉంది. ఫ్లోరాకి మంగళవారం పడిన భయమంతా మళ్ళీ మొదటి నుంచి పట్టుకుంది, ఈసారి వేరే మనిషి కోసం.

గుమ్మంలో నిలబడే చెప్పేసింది. సింధూరంలో ఏముంటుందో చెప్పింది. ఏడో లైను చెప్పింది. ఎందుకు వదిలేసిందో చెప్పింది. నిన్న నోరు విప్పనందుకు కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ గుమ్మానికున్న పసుపు వంకే చూసింది.

అసిరమ్మ చెంబు కింద పెట్టింది.

"నువ్వు సెప్తే నాను ఇనీదాన్ని కదమ్మా," అంది.

"మీ దేవుడి మీద మాటంటున్నానని కోపమొస్తుందేమోనని..."

"ఎవులికి కోపం? రాయికి రాసీది రాయికే మంచిది, మనిసి కడుపులోకి పోకూడదంటే నాకు అర్తం కాదేటి?" ఎరుపంటిన తన చేతుల్ని చూసుకుంది. "నువ్వు ఏరే, మేం ఏరే అని నువ్వనుకున్నావు. నానెప్పుడూ అలాగనుకోనేదు ఫ్లోరమ్మా. నిన్న కూడా అనుకోనేదు."

ఫ్లోరా ఏడ్చింది. అసిరమ్మ ఓదార్చలేదు. గోడ పట్టుకుని లేచి నిలబడి, చీర సర్దుకుంది.

"పద."

"ఆసుపత్రికా పిన్నీ? ఆటో పిలుస్తాను."

"ముందు సెడ్డుకి. రోజారమణి నా పొట్లంలో సగం తన డబ్బాలో ఒంపుకున్నాది. నన్ను తీసీసినారని భయపడి బైటెట్టి ఉండదు. దాని కడుపులో బిడ్డున్నాది."

ఇద్దరూ ఎండలో నడిచారు. అసిరమ్మ రెండుచోట్ల ఆగి కడుపు పట్టుకుంది. ఫ్లోరా చెయ్యి అందిస్తే వద్దనలేదు, గట్టిగా పట్టుకోనూ లేదు.

షెడ్డులో లేతులన్నీ తిరుగుతున్నాయి. అసిరమ్మ ఎవరినీ పలకరించకుండా గోడ దగ్గరికి వెళ్ళి మెయిను స్విచ్చి కట్టేసింది. చప్పుడు మెల్లమెల్లగా అణిగింది. తిరుమలరావు ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏంటిది? నిన్ను రావద్దన్నాను కదా?"

"ఫ్లోరమ్మ మాకేదో సెప్పాలట బాబూ. ఇనీసి ఎల్లిపోతాను." అసిరమ్మ ఫ్లోరా వైపు తిరిగింది. "సెప్పమ్మా. ఈపాలి ఏదీ వదలకు."

పది మంది ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. ఫ్లోరా గోడకున్న కాగితం తీసి చేతిలో పట్టుకుంది.

"ఆగస్టులో ఈ కాగితం నేను మీకు చదివినప్పుడు, ఏడో లైను చదవలేదు. తెలిసే వదిలేశాను. ఏడో లైనులో ఉంది సింధూరం. అది విషం. అసిరమ్మ పిన్నికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు."

తిరుమలరావు ఏదో అనబోయాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. రోజారమణి చేతిలోని లక్క కడ్డీని కింద పెట్టింది. ఎర్రగా ఉన్న రెండు చేతుల్నీ కడుపు మీది చీరకి తుడుచుకోబోయి, ఆగిపోయింది.